లిపి పరిణామ బోధనలో చేతిగీతల యానిమేషన్: ‘గింప్’ సాఫ్ట్‌వేర్‌తో తయారీ విధానం – చంద్రగిరి, తిరుపతి పరిసరాల ఆధారాలు

వ్యాస సంగ్రహం:

తెలుగు లిపి పరిణామాన్ని తరగతిలో బోధించడానికి ప్రధాన సాధనం అక్షర పరిణామ పట్టిక. పట్టిక ఏ శతాబ్దిలో ఏ రూపం ఉందో చూపుతుంది. ఆ రూపాన్ని గీసిన చేయి ఎటు కదిలిందో చూపదు. ఈ లోటును చిత్ర సంస్కరణ సాఫ్ట్‌వేర్‌లో చేతితో గీసిన చిన్న యానిమేషన్‌తో కొంతవరకు తీర్చవచ్చు. ఉచితంగా లభించే ‘గింప్’ సాఫ్ట్‌వేర్ ఆధారంగా అటువంటి యానిమేషన్ తయారీని ఈ వ్యాసం మూడు అభ్యాసాల ద్వారా వివరిస్తుంది. అవి చంద్రగిరి రాజమహల్ రేఖాచిత్రం, ‘ర’ అక్షర లేఖనం, ‘ర’ అక్షర పరిణామం. ఆధారం లేని మధ్యరూపాలను యానిమేషన్ సహజంగానే సృష్టిస్తుంది కనుక, పరిశోధకులు పాటించవలసిన జాగ్రత్తలను కూడ ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: లిపి పరిణామం, చేతిగీతల యానిమేషన్, గింప్, లేయరు, ఫ్రేము, శాసనాలు, తాళ్ళపాక రాగిరేకులు, చంద్రగిరి.

1. ప్రవేశిక:

ఎ.సి. బర్నెల్ 1874లో ప్రచురించిన దక్షిణ భారత లిపిశాస్త్ర గ్రంథంలోనూ, జార్జ్ బ్యూలర్ 1896లో ప్రచురించిన భారతీయ లిపిశాస్త్ర గ్రంథంలోనూ అక్షర పట్టికలే ప్రాణం. తెలుగులో తిరుమల రామచంద్ర ‘మన లిపి పుట్టుపూర్వోత్తరాలు’ చదివినవారికి కూడ ముందుగా గుర్తుకు వచ్చేవి అక్షరాల వరుసలే. నేటికీ ఎం.ఏ. తరగతిలో లిపి పరిణామం అంటే ఇటువంటి పట్టికను నల్లబల్ల మీద మళ్ళీ గీయడమే.

ఇందులో ఒక విశేషం ఉంది. అధ్యాపకుడు పట్టికను అచ్చులో చూపినప్పటి కంటె, సుద్దముక్క పట్టుకొని బల్లమీద గీసినప్పుడు విద్యార్థికి విషయం త్వరగా బోధపడుతుంది. బ్రాహ్మీలో నిలువుగీతగా ఉన్న ‘ర’ తెలుగులో సున్న వంటి రూపాన్ని ఎలా పొందింది? పట్టికలో ఈ రెండు రూపాలు పక్కపక్కన ఉంటే వాటికి చుట్టరికం ఉందని నమ్మడం కష్టం. నిలువుగీత అడుగున చేయి ఆగక ఎడమవైపు తిరిగి పైకి లేచిందని, ఆ కొస క్రమంగా తల దాకా పాకిందని, ఆపైన రెండు గీతలూ ఉబ్బి గుండ్రనయ్యాయని గీసి చూపితే సందేహం తీరుతుంది. అంటే ఇక్కడ విషయాన్ని బోధిస్తున్నది గీత కంటె ఎక్కువగా దాని కదలిక. బల్లమీది గీతను గంట మోగగానే తుడిచివేస్తాం. ఆ కదలికను నిలిపి ఉంచే సాధనమే చేతిగీతల యానిమేషన్.

కంప్యూటరు ఫాంటు ఈ పని చేయలేదు. ఫాంటులో అక్షరం బయటి అంచుల రేఖగా మాత్రమే నిక్షిప్తమై ఉంటుంది. ఏ గీత ముందు, ఏది వెనుక అన్న సమాచారం అందులో ఉండదు. కనుక ‘ర’ను టైపు చేసి దాన్ని ఎంత కదిలించినా, అది రాసే పద్ధతి విద్యార్థికి తెలియదు. ఆ పద్ధతిని చేతితో గీసే చూపాలి.

2. ఫ్రేము, లేయరు – ఇంటి ఉదాహరణలు:

యానిమేషన్ మూలసూత్రం అందరికీ తెలిసినదే. స్వల్ప భేదంతో ఉన్న నిశ్చల చిత్రాలను వెంటవెంటనే చూపితే కన్ను వాటిని ఒకే కదలికగా గ్రహిస్తుంది. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి. చేతిగీతల యానిమేషన్‌లో ఒక్కొక్క బొమ్మను రెండు ఫ్రేముల పాటు నిలిపి, సెకనుకు 12 బొమ్మలతో సరిపెట్టడం పాత వాడుక. అక్షర లేఖనం చూపడానికి సెకనుకు 10 బొమ్మలు చాలు.

‘లేయరు’ అన్న భావనకు మన ప్రాంతంలో మంచి పోలిక తోలుబొమ్మలాట. తోలుబొమ్మలో తల, మొండెం, చేతులు, కాళ్ళు విడివిడి ముక్కలు. వాటిని కీళ్ళ దగ్గర దారంతో కలుపుతారు. ఆటగాడు చేతిని ఆడించేటప్పుడు మొండెం కదలనవసరం లేదు. చిత్ర సంస్కరణ సాఫ్ట్‌వేర్‌లో లేయరు కూడ ఇటువంటిదే. కదలని భాగం ఒక పొర మీద, కదిలేది మరొక పొర మీద ఉంటాయి. పారదర్శకమైన కాగితాలను దొంతరగా పేర్చి పైనుంచి చూసినట్లు ఊహించుకోవచ్చు.

శ్రీకాళహస్తి కలంకారీ పని మరొక విధంగా ఉపకరిస్తుంది. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద ముందు బొగ్గుకణికతో పథకం గీస్తారు. ఆపై బెల్లం, తుప్పుపట్టిన ఇనుము ఊరబెట్టిన నల్లరంగుతో కలం రేఖలు దిద్దుతారు. తరువాత పటిక, ఎరుపు, పసుపు, నీలి వంటి దశలు, నడుమ ఉతుకులు. ప్రతి దశ చివర గుడ్డను ఒకే స్థానం నుంచి ఫోటో తీస్తే, ఆ ఫోటోలే వరుస ఫ్రేములవుతాయి. అక్కడ మధ్యరూపాలన్నీ నిజంగా ఉన్నవే, ఒక్కటీ ఊహించనక్కర లేదు. లిపి పరిణామంలో ఈ సౌకర్యం లేదు. ఈ తేడా 6వ విభాగంలో కీలకం అవుతుంది.

3. సాఫ్ట్‌వేర్ ఎంపిక:

‘గింప్’ను 1995లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలో స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు ప్రారంభించారు. 1996లో అది ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. అది ఉచితం. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ నడుస్తుంది. కళాశాల ప్రయోగశాలలోని పాత కంప్యూటర్లకు కూడ పెద్ద భారం కాదు. యూనికోడ్ తెలుగు వచనాన్ని ఒత్తులు, గుణింతాలు చెదరకుండా చూపుతుంది కనుక శీర్షికలు, శతాబ్ది సూచికలు అందులోనే రాసుకోవచ్చు.

ఇది ప్రధానంగా ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్, యానిమేషన్ కోసం పుట్టినది కాదు. దీనిలో కాలరేఖ ఉండదు. వెనుకటి ఫ్రేమును పలుచగా చూపే ‘ఆనియన్ స్కిన్’ సౌకర్యమూ లేదు. ఆ రెండూ కావలసినవారికి ‘క్రిటా’ అనే మరొక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. డబ్బు చెల్లించి వాడే ‘ఫోటోషాప్’లో కూడ కాలరేఖ ఉంది. అయితే పది ఇరవై ఫ్రేముల అక్షరానికి అంత సామగ్రి అవసరం లేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. గింప్‌లో ప్రతి ఫ్రేము ఒక లేయరుగా కళ్ళ ముందు ఉంటుంది. ఏది ఆధారం, ఏది ఊహ అని లేయరు పేరులోనే రాసుకోవచ్చు. పరిశోధకుడికి ఇది చిన్న లాభం కాదు.

4. మొదటి అభ్యాసం – రాజమహల్:

సాధనం చేతికి అలవాటు కావడానికి అక్షరం కంటె కట్టడం సులభం. తిరుపతికి సమీపంలోని చంద్రగిరి కోటలో రాజమహల్, రాణిమహల్ ఉన్నాయి. విజయనగర రాజుల చివరి రాజధానుల్లో ఒకటైన ఈ కోటలో, మూడు అంతస్తుల రాజమహల్ నేడు భారత పురావస్తు శాఖ ప్రదర్శనశాలగా ఉంది. కలప దూలాలు లేకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టిన ఈ భవనపు ముఖభాగంలో కమానులు వరుసలుగా ఉంటాయి. పై భాగంలో శిఖరాలు ఉంటాయి. గీయడానికి ఇంతకంటె అనుకూలమైన బొమ్మ దొరకదు. ఒక కమాను గీసి, దాని ప్రతులతో వరుస నింపవచ్చు.

800 పిక్సెళ్ళ వెడల్పు, 600 పిక్సెళ్ళ ఎత్తు ఉన్న కొత్త చిత్రాన్ని తెరవాలి. అడుగు లేయరు తెల్లగా ఉంటుంది. దానిపై పారదర్శకమైన కొత్త లేయర్లు నాలుగు చేర్చాలి. మొదటిదాని మీద నేల అంతస్తు, రెండవదాని మీద రెండవ అంతస్తు, మూడవదాని మీద మూడవ అంతస్తు, నాలుగవదాని మీద శిఖరాలు గీయాలి. గింప్ అడుగున ఉన్న లేయరును మొదటి ఫ్రేముగా తీసుకొని పైకి వెళుతుంది. ఈ వరుస తలక్రిందులైతే శిఖరాలు ముందు వచ్చి, గోడలు వెనుక వస్తాయి!

ప్రతి లేయరు పేరు చివర కుండలీకరణాల్లో ఆ ఫ్రేము నిలిచే కాలాన్ని మిల్లీసెకన్లలో రాయాలి. సంఖ్య వెంటనే, ఖాళీ వదలకుండా, ‘ఎం’, ‘ఎస్’ అనే రెండు చిన్న ఆంగ్లాక్షరాలు ఉండాలి. ఇక్కడ మొదటి నాలుగు ఫ్రేములకు 400 చొప్పున, చివరిదానికి 2000 ఇస్తే మొత్తం 3.6 సెకన్లు అవుతుంది. దాని పక్కన మరొక జత కుండలీకరణాల్లో ‘కంబైన్’ అని గానీ ‘రీప్లేస్’ అని గానీ ఆంగ్లంలో రాయవచ్చు. మొదటిది రాస్తే కొత్త ఫ్రేము పాత ఫ్రేముల మీద చేరుతుంది. రెండవది రాస్తే పాతది తొలగి కొత్తది మాత్రమే కనిపిస్తుంది. అంతస్తు మీద అంతస్తు లేవాలి కనుక ఈ అభ్యాసానికి ‘కంబైన్’ తగినది. ‘ఫిల్టర్స్’ పట్టికలోని ‘యానిమేషన్’ విభాగంలో ‘ప్లేబ్యాక్’ నొక్కితే ఫలితం కనిపిస్తుంది.

5. రెండవ అభ్యాసం – ‘ర’ రాయడం:

అక్షరం దగ్గర అసలు కష్టం మొదలవుతుంది. కొత్తవారు చేసే సహజమైన పని ఏమిటంటే, మొదటి ఫ్రేములో కొంచెం గీత, రెండవ ఫ్రేములో అదే గీతను మళ్ళీ గీసి మరికొంచెం పొడిగించడం. ఒకే గీతను ఏ చేయీ రెండుసార్లు ఒకేలా గీయలేదు. ఫలితంగా ఆడించినప్పుడు అక్షరం కాగుతున్న పాలలా కుతకుతలాడుతుంది. వ్యంగ్యచిత్రానికి ఆ కంపనం అందం కావచ్చు. అక్షరం నేర్పేచోట అది దోషమే.

దీనికి విరుగుడు వెనుక నుంచి పని చేయడం. ముందుగా పూర్తి అక్షరాన్ని ఒకే లేయరు మీద తృప్తి కలిగేదాకా గీయాలి. ఆ లేయరుకు 11 ప్రతులు తీయాలి. ఇప్పుడు 12 లేయర్లున్నాయి. పై నుంచి రెండవదానిలో తలకట్టు చివరి భాగాన్ని చెరపాలి. మూడవదానిలో తలకట్టు మొత్తాన్ని, నాలుగవదానిలో దానితోపాటు వృత్తం చివరి భాగాన్ని చెరపాలి. ఇలా క్రిందికి వెళ్ళేకొద్దీ ఎక్కువ చెరుపుతూ పోతే, అట్టడుగు లేయరులో కలం ఆనించిన తొలి భాగం మాత్రమే మిగులుతుంది. ఆడించేటప్పుడు అడుగు నుంచి పైకి నడుస్తుంది కనుక అక్షరం రాస్తున్నట్లే కనిపిస్తుంది. గీత ఎక్కడా వణకదు, ఎందుకంటే అన్ని ఫ్రేముల్లోనూ ఉన్నది ఒకే గీత. మొదటి 11 ఫ్రేములకు 100 మిల్లీసెకన్ల చొప్పున, చివరి పూర్తి అక్షరానికి 1500 ఇస్తే 2.6 సెకన్లలో లేఖనం పూర్తవుతుంది.

చెరిపేముందు లేయరుకు ‘ఆల్ఫా ఛానెల్’ ఉన్నదో లేదో చూసుకోవాలి. లేకపోతే రబ్బరు చెరపడానికి బదులు నేపథ్య రంగును పూస్తుంది. రబ్బరు ఎంపికల్లో ‘హార్డ్ ఎడ్జ్’ను ఎంచుకుంటే కొసలు మసకబారవు. గీయడానికి ‘పెయింట్‌బ్రష్’ కంటె ‘పెన్సిల్’ మేలు. పెయింట్‌బ్రష్ అంచుల్లో అనేక బూడిద ఛాయలు పుట్టి, చివరి ఫైలు అనవసరంగా పెరుగుతుంది. మౌసుతో వృత్తం సరిగా రానివారు సాధన ఎంపికల్లోని ‘స్మూత్ స్ట్రోక్’ను వాడుకోవచ్చు.

మౌసు అసలు నచ్చనివారికి కాగితం ఉండనే ఉంది. దళసరి కాగితాల నాలుగు మూలలా ఒకే కొలతలో కూడిక గుర్తులు వేసుకోవాలి. వాటిమీద నల్లసిరాతో బొమ్మలు గీసి, సెల్‌ఫోనును ఒకచోట కదలకుండా నిలబెట్టి ఫోటోలు తీయాలి. ‘ఓపెన్ యాజ్ లేయర్స్’ ద్వారా అన్నింటినీ ఒకేసారి తెచ్చుకొని, మూల గుర్తులు ఒకదానిమీద ఒకటి కూర్చునేలా జరపాలి. ఇందుకు పై లేయరు అపారదర్శకతను తాత్కాలికంగా సగానికి తగ్గిస్తే క్రింది గుర్తు కనిపిస్తుంది. ఆనియన్ స్కిన్ లేని లోటును కూడ ఈ విధంగానే తీర్చుకుంటాం. పని ముగిశాక మళ్ళీ నూటికి నూరు చేయడం మరువరాదు. ‘థ్రెషోల్డ్’ సాధనంతో కాగితపు మరకలు పోయి శుద్ధమైన నలుపు తెలుపులు మిగులుతాయి.

కలం మొన ఎక్కడ ఉందో చూపే చిన్న ఎర్రచుక్కను ప్రతి ఫ్రేములో గీత కొసన పెడితే విద్యార్థి కన్ను దాని వెంట నడుస్తుంది. అయితే ‘కంబైన్’ పద్ధతిలో చుక్కలన్నీ చెరగకుండా మిగిలిపోయి అక్షరం చుట్టూ పూసల దండ ఏర్పడుతుంది. కనుక చుక్క పెట్టినప్పుడు ‘రీప్లేస్’ తప్పనిసరి. దానితో మరొక చిక్కు వస్తుంది. అడుగున ఉన్న తెల్లకాగితపు లేయరు కూడ ఒక ఫ్రేమే కనుక, అది మొదట ఒకసారి కనిపించి మాయమవుతుంది. తక్కిన ఫ్రేములు నేపథ్యం లేకుండా ఉండి, నల్లని స్లైడు మీద పెట్టినప్పుడు అక్షరమే కనిపించకుండా పోతుంది. కాబట్టి కాగితపు లేయరుకు అన్ని ప్రతులు తీసి, ఒక్కొక్కదానిని ఒక్కొక్క అక్షర లేయరు క్రింద చేర్చి, ‘మర్జ్ డౌన్’తో రెండింటినీ ఒకటి చేయాలి. విసుగు పుట్టించే పనే, కాని పది నిమిషాలకు మించదు.

ఇక్కడ సాంకేతికతకు సంబంధించని ప్రశ్న ఒకటి ఎదురవుతుంది. తలకట్టు ముందా, వెనుకా? వృత్తం గీసి తలకట్టు పెట్టేవారున్నారు. తలకట్టుతో ప్రారంభించి చేయి ఎత్తకుండా క్రిందికి దిగేవారూ ఉన్నారు. అచ్చు పట్టిక ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా తప్పించుకోగలదు. యానిమేషన్ తప్పించుకోలేదు, ఏదో ఒక క్రమాన్ని ప్రకటించే తీరాలి. ఇతర రాష్ట్రాల్లోనూ విదేశాల్లోనూ తెలుగును కొత్తగా నేర్చుకొనే పిల్లలకు ఆ తెర మీది క్రమమే ప్రమాణం అవుతుంది. అందువల్ల తయారుచేసినవారు తాము ఏ వాడుకను అనుసరించారో ఫ్రేము అడుగున ఒక పంక్తిలో చెప్పడం, వీలైతే రెండు పద్ధతులకూ రెండు ఫైళ్ళు చేయడం ఉచితం.

6. మూడవ అభ్యాసం – ‘ర’ పరిణామం:

ఈ అభ్యాసంలో గీత కంటె ఆధారానికి ప్రాధాన్యం ఎక్కువ. ముందుగా ఏ శాసనం నుంచి ఏ రూపాన్ని తీసుకుంటామో నిర్ణయించుకోవాలి. ఆంధ్రదేశంలో అశోకుని శాసనాలు అనగానే కర్నూలు ప్రాంతపు ఎఱ్ఱగుడి స్ఫురిస్తుంది. అక్కడి పెద్ద శిలాశాసనాల ప్రాకృతంలో ‘రాజా’ అనవలసిన చోట ‘లాజా’ వంటి రూపాలు వస్తాయి. ‘ర’ కోసం వెతికేవారికి అది అనువైన చోటు కాదు. భట్టిప్రోలు ధాతుకరండాల లేఖనాల్లో కుబిరక రాజు పేరు ఉంది కనుక, తొలి రూపాన్ని అక్కడినుంచి తీసుకోవడం మేలు. (ఎఱ్ఱగుడి లఘు శిలాశాసనంలో కొన్ని పంక్తులు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. లేఖన దిశను చూపే యానిమేషన్‌కు అంతకంటె చక్కని విషయం ఉండదు. అది వేరొక వ్యాసానికి తగిన పని.)

రెండవది క్రీ.శ. 3వ శతాబ్దపు ఇక్ష్వాకుల నాగార్జునకొండ శాసనాల రూపం. ఆ కాలపు లేఖకులు నిలువుగీతల కొసలను పొడవుగా సాగదీసి వంచడంలో ఆనందం పొందినట్లు కనిపిస్తుంది. మూడవది క్రీ.శ. 575 ప్రాంతపు కలమళ్ళ శాసనం. కడప జిల్లాలోని ఈ రేనాటి చోళుల శాసనాన్ని లభ్యమైన తొలి తెలుగు శాసనంగా పరిగణిస్తున్నాం. నాల్గవది 11వ శతాబ్ది, అంటే 1053 నాటి నందంపూడి శాసన కాలం. ఐదవది తిరుమల సంకీర్తన భాండారంలో లభించిన తాళ్ళపాక కవుల రాగిరేకులు. రెండు వేలకు పైబడిన ఈ రేకుల మీది లిపిని 16వ శతాబ్ది తెలుగు లేఖనానికి మన ముంగిట ఉన్న మహానిధిగా చెప్పవచ్చు. శిలమీద ఉలి, రేకుమీద మొన భిన్నమైన పనిముట్లు కనుక ఈ రెండింటి గీతల స్వభావం ఒకటి కాదని గమనించాలి. ఆరవది నేటి రూపం.

శాసనపు మసి అచ్చు లేదా దాని ప్రచురిత పటం నుంచి కావలసిన అక్షరాన్ని కత్తిరించి ఒక లేయరుగా తెచ్చుకోవాలి. దానిమీద కొత్త లేయరు పెట్టి గీతను చేతితో అనుసరించాలి. అనుసరణ అయ్యాక పటం ఉన్న లేయరును తొలగించకుండా, కనిపించకుండా చేసి, మూల ఫైలులో అలాగే ఉంచాలి. పరిశీలించేవారు అడిగినప్పుడు ఆధారాన్ని చూపగలగాలి.

గుణింతపు గుర్తుల విషయంలో జాగ్రత్త అవసరం. కలమళ్ళ శాసనంలో ‘ముతురాజు’, ‘రేనాణ్డు’ అన్న మాటల్లో ఉన్నవి ‘రా’, ‘రే’. స్వరచిహ్నం చేరినప్పుడు అక్షరం తల మారుతుంది. ఒట్టి ‘ర’ కావాలని ఆ చిహ్నాన్ని చెరిపి తలకట్టు అతికిస్తే, అది శాసనంలోని అక్షరం కాదు. అటువంటప్పుడు అక్షరం ఒంటిభాగాన్ని నల్లగా, తలను బూడిదరంగులో గీసి ఊహాభాగాన్ని వేరుచేయవచ్చు. తలకట్టుకు కూడ ఒక చరిత్ర ఉంది. ఆరంభంలో గీత మొదట కనిపించే చిన్న తలగుర్తు క్రమంగా పెరిగి, కన్నడంలో అడ్డగీతగా స్థిరపడింది, తెలుగులో నేటి తలకట్టు ఆకారాన్ని పొందింది. నేటి తలకట్టును 6వ శతాబ్దపు అక్షరం నెత్తిన పెట్టడం వేషం మార్చడమే.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆరు రూపాలున్నాయి, వాటి నడుమ ఏమి చూపాలి? యానిమేషన్ కళలో ముఖ్య భంగిమలను ప్రధాన చిత్రకారుడు గీస్తే, నడిమి బొమ్మలను సహాయకులు నింపుతారు. గింప్‌లోని ‘బ్లెండ్’ ఫిల్టర్ ఒక లేయరును మరొకదానిలోకి కరిగిస్తూ నడిమి ఫ్రేములను తానే తయారుచేస్తుంది. ఫలితం కంటికి ఎంతో ఇంపుగా ఉంటుంది. నిలువుగీత మెల్లగా మసకబారుతూ ఉంటే, దాని చోట సున్న క్రమంగా తేలివస్తుంది. ప్రమాదం సరిగ్గా అక్కడే ఉంది. ఆ నడిమి ఫ్రేముల్లో కనిపించే అక్షరాలను ఏ లేఖకుడూ ఏ రాతి మీదా చెక్కలేదు. ఏ శతాబ్దికీ చెందని ఆ నీడలను విద్యార్థి నిజరూపాలుగా గుర్తుపెట్టుకుంటాడు. అచ్చు పట్టికలో గడికీ గడికీ మధ్య ఉన్న ఖాళీ ‘ఇక్కడ మన దగ్గర ఆధారం లేదు’ అని చెబుతుంది. సాఫీగా సాగే యానిమేషన్ ఆ ఖాళీని పూడ్చి, లేని నిశ్చయాన్ని కల్పిస్తుంది. ఒక అక్షరం ఒకే దారిలో, ఒకే వేగంతో, నేటి రూపాన్నే లక్ష్యంగా పెట్టుకొని నడిచిందన్న భ్రమ కూడ కలుగుతుంది. ఒకే కాలంలో ఒకే ప్రాంతంలో రెండు రూపాలు పక్కపక్కన వాడుకలో ఉండడం శాసన పరిశోధకులకు కొత్త కాదు.

అందువల్ల పరిశోధన వ్యాసానికి జతచేసే యానిమేషన్‌లో ‘బ్లెండ్’ వాడరాదని ఈ వ్యాసకర్త భావన. ఆధారమున్న రూపాలను మాత్రమే ఫ్రేములుగా పెట్టి, ఒకదాని నుంచి మరొకదానికి తటాలున మారనివ్వాలి. గంతు కనిపించడమే నిజాయితీ. చేయి కదలికను ఊహించి చూపడం బోధనకు తప్పనిసరి అనిపించినప్పుడు, ఆ ఫ్రేములను బూడిదరంగులో గీసి, మూలన ‘ఊహ’ అన్న మాట ఉంచాలి. నల్లరంగు కనిపించినప్పుడే అది శాసనరూపమని తరగతికి ముందే చెప్పాలి.

కాలపు నిడివి సంగతి కూడ ఆలోచించదగినది. అన్ని ఫ్రేములకూ సమాన కాలం ఇస్తే 300 ఏళ్ళూ 500 ఏళ్ళూ ఒకటిగానే తోస్తాయి. ఏడాదికి 4 మిల్లీసెకన్ల లెక్కన, ప్రతి రూపాన్ని తరువాతి ఆధారం వరకు నిలిపితే ఈ దోషం తగ్గుతుంది. భట్టిప్రోలు లేఖనాన్ని సుమారు క్రీ.పూ. 200గా, ఇక్ష్వాకులను క్రీ.శ. 250గా తీసుకుంటే నడుమ 450 ఏళ్ళు, అంటే 1800 మిల్లీసెకన్లు. ఇక్ష్వాకుల నుంచి కలమళ్ళకు 325 ఏళ్ళు, 1300. కలమళ్ళ నుంచి నందంపూడికి సుమారు 1900. అక్కడినుంచి 1530 ప్రాంతపు రాగిరేకులకు మరొక 1900. రాగిరేకుల నుంచి నేటికి సుమారు 2000. చివర నేటి రూపాన్ని చూడడానికి 2500 ఇస్తే మొత్తం 11.4 సెకన్లు. ఇరవై రెండు శతాబ్దాలకు అది తక్కువేమీ కాదు. తొలి తేదీలన్నీ ఉజ్జాయింపులే కనుక ఫ్రేము మీద సంవత్సరానికి బదులు శతాబ్ది రాయడం క్షేమం.

7. ఫైలు రూపాలు, సిద్ధాంత గ్రంథంలో చేర్చడం:

గింప్‌లో ‘సేవ్’ చేస్తే దాని సొంత రూపమైన ‘ఎక్స్‌సీఎఫ్’ ఫైలు వస్తుంది. లేయర్లన్నీ అందులోనే భద్రంగా ఉంటాయి. ఇదే మూలప్రతి. ప్రదర్శనకు ‘ఎక్స్‌పోర్ట్’ ద్వారా ‘జిఫ్’ ఫైలు తీయాలి. అప్పుడు వచ్చే పెట్టెలో ‘యాజ్ యానిమేషన్’ను ఎంచుకోకపోతే లేయర్లన్నీ అణిగిపోయి ఒకే నిశ్చల చిత్రం మిగులుతుంది. ఆగకుండా తిరగాలా, ఒకసారి నడిచి నిలిచిపోవాలా అన్నది కూడ అక్కడే నిర్ణయించాలి. పక్కన వచనం చదవవలసిన పుటలో ఎడతెగని కదలిక కంటికి శత్రువు. ఒకసారి నడిచి ఆగిపోయేదే మేలు.

జిఫ్ 1987లో కంప్యూసర్వ్ సంస్థ రూపొందించిన పాత పద్ధతి. ఒక ఫ్రేములో 256 రంగులకు మించవు. కాలాన్ని సెకనులో నూరవ వంతుల్లో కొలుస్తుంది. మరీ తక్కువ నిడివి ఇస్తే అనేక బ్రౌజర్లు దానిని తోసిపుచ్చి పదోవంతు సెకనుగా మార్చుకుంటాయి. కనుక 20 మిల్లీసెకన్లకు తక్కువ ఇవ్వడం నిష్ప్రయోజనం. నలుపు, బూడిద, తెలుపు, ఎరుపు మాత్రమే ఉన్న అక్షరానికి ‘ఇండెక్స్‌డ్’ పద్ధతిలో 8 రంగులు చాలు. ‘ఆప్టిమైజ్’ ఫిల్టర్ ప్రతి ఫ్రేములో మారిన భాగాన్ని మాత్రమే ఉంచి ఫైలును ఇంకా చిన్నది చేస్తుంది. ఆ పని తరువాత ఫ్రేములను దిద్దడం కష్టం కాబట్టి దానిని ప్రతి మీద చేయాలి గాని మూలం మీద చేయరాదు. వాట్సాప్‌లో విద్యార్థులకు పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపితే ఫైలు మూలరూపంలోనే చేరుతుంది.

పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాన్ని కాగితం మీద కూడ సమర్పించవలసి రావచ్చు. పీడీఎఫ్‌లో చేర్చిన జిఫ్ కూడ సాధారణంగా తొలి ఫ్రేము దగ్గరే నిలిచిపోతుంది. ఆధారమున్న ఆరు ఫ్రేములనూ వరుసగా ఒకే పటంగా అచ్చువేసి, ప్రతిదాని క్రింద శాసనం పేరు, శతాబ్ది, ప్రచురిత పటం వివరం రాయాలి. బూడిదరంగు ఫ్రేములను ఆ పటంలో చేర్చనవసరం లేదు. ఎక్స్‌సీఎఫ్ మూలప్రతిని గ్రంథంతోపాటు శాఖ గ్రంథాలయానికి అందజేస్తే, రేపు మరొక శాసనం బయటపడినప్పుడు వేరొక విద్యార్థి ఆ దొంతరలో సరైన చోట కొత్త లేయరును చేర్చి, అటూ ఇటూ ఉన్న ఫ్రేముల నిడివిని సరిదిద్దగలుగుతాడు.